నీళ్ళ అడుగున గోడ

మోహన్‌కృష్ణ డైవింగ్ సూటు గొర్రెల దొడ్లో పడి ఉంది. దొడ్డి తడికకు అడ్డంగా నాగయ్య కూర్చుని ఉన్నాడు. పొద్దు బారెడెక్కినా మందను మేతకు వదల్లేదు. లోపల గొర్రెలు అరుస్తున్నాయి, బయట ఎల్లమ్మ అరుస్తోంది. ఆ రెండు అరుపుల మధ్య నాగయ్య బెల్లం కొట్టిన రాయిలా కదలడం లేదు.

"తడిక తియ్యి నాయనా," అన్నాడు మోహన్‌కృష్ణ.

"తియ్యను."

"కట్ట మీద ప్రభుదాస్ సార్ కాసుకోని ఉండాడు."

"ఉండనీ."

"ఏందయ్యా నీ మొండితనం!" అంది ఎల్లమ్మ. "కన్నకొడుకు గుడ్డలు తీసుకపోయి గొర్రెల్లో పారేసేవాళ్ళుంటారా యాడన్నా? ఊళ్ళో వింటే నవ్వుతారు."

"నవ్వనీ."

నల్ల రబ్బరు సూటు ఎడమ కాలు అప్పటికే మేకపోతు నోట్లోకి వెళ్ళింది. అది తినే వస్తువు కాదని మేకపోతుకు తెలిసే ఉంటుంది గాని, నోట్లో పెట్టుకున్నదాన్ని వదలడం ఆ జాతిలో లేదు. తడిక సందులోంచి రమణి కర్ర దూర్చి దాని మూతి మీద పొడుస్తోంది.

"అన్నా, నీ కాలు మింగేస్తుండాది!"

ఆ ఇంట్లో అప్పుడు నవ్వగలిగింది ఆ పిల్ల ఒక్కతే.

డైవరయితే అయ్యాడు గాని, మోహన్‌కృష్ణకు పని ఎవరిచ్చారు కనక? సర్టిఫికెట్ చేతికి వచ్చిన నాటి నుంచి అతను ఫోను చెయ్యని కంపెనీ లేదు. ముంబై వాళ్ళు హిందీలోనూ, విశాఖ వాళ్ళు తెలుగులోనూ అడిగింది ఒకటే మాట, ఎక్స్‌పీరియన్స్ ఎంత అని. లేదనగానే ఫోను పెట్టేస్తారు. ఎవరూ నీళ్ళలోకి దింపకపోతే అది ఎక్కడి నుంచి ఊడిపడుతుందో ఒక్కడూ చెప్పడు.

ఊళ్ళో మాత్రం పనికి కొరత లేదు. బావిలో మోటారు జారితే మోహన్‌కృష్ణ కావాలి. పలకల గనిలో నిలిచిన నీళ్ళలో ఎవడో సెల్‌ఫోను జారవిడుచుకుంటే మోహన్‌కృష్ణ కావాలి. తీసిచ్చాక "గజ ఈతగాడివిరా అబ్బోడా" అని భుజం తట్టి పోతారు. సముద్రం అడుగున ఓడలకు వెల్డింగ్ చెయ్యడం నేర్చుకున్నవాడికి ఆ మెప్పు చెంపదెబ్బలాగే తగిలేది.

అలాంటివాడికి నిన్న సాయంత్రం పని గుమ్మంలోకే నడిచొచ్చింది.

తర్లుపాడు రోడ్డుకు ఎగువన ఉన్న ఊరి చెరువు చాలా ఏళ్ళకు ఈసారి అలుగు దాకా నిండింది. తీరా తూము ఎత్తితే చుక్క రాలేదు. షట్టరు లేస్తోంది, నీళ్ళు మాత్రం రావు. కింద వరి పొట్టకొచ్చి ఎండుతోంది. కాకినాడ నుంచి ప్రభుదాస్ అనే సూపర్‌వైజరు మనుషులతో, గాలి మిషనుతో దిగాడు. ఆయన డైవరు వినయ్ కుమార్ అడుగంతా తడిమి వచ్చి, "తూముకు నోరే లేదు సార్, అంతా గోడే" అన్నాడు. అని, చెవిపోటుతో పడుకున్నాడు. ఇవాళ పొద్దుగూకేలోగా తూము తెరుచుకోకపోతే రేపు కట్టకు గండి కొట్టి, చెరువు మొత్తం వదిలేసి, అప్పుడు బాగు చేస్తామని ఆఫీసరు చెప్పి వెళ్ళాడు. అంటే ఇన్నేళ్ళకు నిండిన చెరువు రెండు రోజుల్లో ఖాళీ.

అప్పుడు తూము కాపలా చూసే లస్కరు ఏబేలు ప్రభుదాస్ చెవిలో వేశాడు, మా ఊళ్ళోనే ఒక డైవరున్నాడు సార్ అని. ప్రభుదాస్ ఇంటికే వచ్చి ఒక్క మాట చెప్పాడు. "రేపు దిగు. పని చూస్తాను. నచ్చిందనుకో, సముద్రం పనికి నాతో పట్టుకుపోతాను."

నాగయ్య ఆయనకు మజ్జిగ ఇచ్చాడు, మంచం వాల్చాడు. తెల్లారి లేచేసరికి సూటు దొడ్లో ఉంది.

"నాయనా, నిజం చెప్పు." మోహన్‌కృష్ణ తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నేను చెయ్యలేననా? నలుగుర్లో పరువు పోతాదనా?"

"అది గాదు."

"మరేంది? మందలో సగం అమ్మి నన్ను చదువుకు పంపినావు. మార్కాపురం బస్టాండులో కనపడినోడికంతా మా వాడు డైవరని చెప్పుకున్నావు. ఇప్పుడు పని ఇంటికొస్తే నువ్వే అడ్డం కూచుంటివి."

"సముద్రంలో దిగు. కృష్ణలో దిగు. యాడన్నా దిగు, నేను వద్దన్నానా? ఈ చెరువులో మటుకు వద్దు."

"ఏం? ఈ చెరువులో ఏముంది?"

నాగయ్య కింద పడి ఉన్న గొర్రె పెంటికను వేలితో దొర్లించాడు. దాన్ని అటు దొర్లించాడు, ఇటు దొర్లించాడు. రమణి కర్ర ఆపింది. ఎల్లమ్మ మొగుడి మొహంలోకి చూసింది, కొడుకు మొహంలోకి చూసింది. ఆమె మొహం నెమ్మదిగా మారిపోయింది.

"అయ్యో," అంది. "అయ్యో, అదా!"

"ఎల్లీ, నోరు ముయ్యి."

"ముయ్యను. వాడు నిన్ను వేరేగా అనుకుంటుండాడయ్యా. కొడుకంటే నామోషీ అనుకుంటుండాడు. నేను చెప్పేస్తా."

"ఎల్లీ!"

"ఆ కరువు సంవత్సరం, నువ్వు మార్కాపురం హాస్టల్లో ఉండావే మోహనా, అప్పుడు చెరువు నెర్రెలిచ్చింది. ఊళ్ళో గడ్డిపోచ లేదు. చెరువులోనే చెలమ తవ్వి, మందను అక్కడే కట్టినాం. ఎండకు తాళలేక గొర్రెపిల్లలు నీడ కోసరం తూము నోట్లోకి దూరేవి. ఒకటి లోపలికి పోయి మళ్ళా రాలా. మన నల్లమూతి గొర్రె పిల్ల. తల్లి ఆ రంధ్రం కాడ నిలబడి రెండు రోజులు అరిచింది. అది వినలేక మీ నాయన పలకరాళ్ళతో తూము నోటికి అడ్డం గోడ పేర్చినాడు. రాళ్ళు గనుల కాడ్నించి మోసుకొచ్చింది నేను."

మోహన్‌కృష్ణ తండ్రి వైపు చూశాడు. నాగయ్య తల ఎత్తలేదు.

"వానలొచ్చేలోపల తీసేద్దామనే అనుకున్నాం," అంది ఎల్లమ్మ. "చెరువులో మేత గూడా అయిపోయింది. మందను తోలుకోని యర్రగొండపాలెం అడివి దిక్కు పోయినాం. మేము అక్కడుండంగనే ఇక్కడ వాన కొట్టింది. తిరిగొచ్చేసరికి గోడ మీద నీళ్ళు."

"అడుగున మాత్రమే కదమ్మా అప్పుడు నీళ్ళు. దిగి తీసుండొచ్చు గదా?"

"మాకు ఈత యాడ వచ్చురా?"

తరవాత ప్రతి ఏడూ చెరువులోకి కాసిని నీళ్ళు రావడం, అవి పైరుకు వదిలేటన్ని కాకపోవడం, ఎవరూ తూము ఎత్తే పని పడకపోవడం జరిగింది. గోడను బురద కప్పింది. గోడ సంగతిని మరుపు కప్పింది. చెరువు నిండి తూము ఎత్తిన నాడు గాని నాగయ్యకు గుండె జారలేదు.

మోహన్‌కృష్ణ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని ఎల్లమ్మ ముందుకు వంగింది. నవ్వుతున్నాడు.

"నవ్వుతావేందిరా!" అన్నాడు నాగయ్య. పొద్దున్నించి కొడుకుతో అతనన్న మొదటి గట్టి మాట అది.

"కాకినాడ డైవరు నాయనా... ఆ వినయ్ కుమార్... అది గవర్నమెంటు కట్టిన గోడ అనుకున్నాడు. చెయ్యి పెట్టి తడిమి, సిమెంటు పని సార్, భలే కట్టినారని చెప్పినాడంట! సున్నం లేదు, సిమెంటు లేదు, నువ్వు ఉత్త చేత్తో పేర్చింది!"

రమణి పకపకా నవ్వింది. ఎల్లమ్మకూ నవ్వొచ్చింది గాని కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీకు నవ్వుగా ఉంది," అన్నాడు నాగయ్య. "ఊరి నీళ్ళు ఆపినోణ్ణి నేనని తెలిస్తే, ఆ రంగయ్య ఊరుకుంటాడా? నీటి సంఘం ఆయన చేతిలో ఉండాది. చెరువులో నా మందను దిగనిస్తాడా? చెరువు లేకుంటే ఈ గొర్రెల్ని యాడికి తోలాల? నేనేం బతకాల?"

అప్పుడు గాని మోహన్‌కృష్ణ నవ్వు ఆగలేదు. తండ్రికి ఉన్న భయం చిన్నది కాదని అతనికీ అర్థమైంది.

"నేను ఎవురికీ చెప్పను," అన్నాడు. "ఒక్క రాయి గూడా పైకి తేను. పీకి పక్కకు తోసేస్తా. తూము నోరు బురదకు పూడిందని చెప్తా. సరేనా?"

నాగయ్య లేచి తడిక తీశాడు. దొడ్లోకి వెళ్ళి మేకపోతు మూతి మీద ఒక్కటిచ్చి సూటు లాక్కొచ్చాడు. దులిపాడు. అంటుకున్న పెంటికలు ఏరి పారేశాడు. ఎడమ మడమ దగ్గర చిరుగు చూసి నొచ్చుకున్నాడు. కొడుకు చేతికి ఇస్తూ అన్నాడు.

"నేనూ వస్తా కట్ట మీదికి."

చెరువుకట్ట తిరునాళ్ళలా ఉంది. ఆయకట్టు రైతులంతా అక్కడే ఉన్నారు. రంగయ్య అందరికంటే ముందు, షట్టరు చక్రం ఉన్న తూము దిమ్మకు వెళ్ళే సన్నటి సిమెంటు వంతెన మొదట్లో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయన వరి కూడా ఎండుతోంది. రెండు రోజులుగా నిద్రపోని కళ్ళు.

"ఏం అబ్బోడా, నువ్వన్నా తెరుస్తావా?" అన్నాడు.

"తెరుస్తా పెదనాయనా."

ప్రభుదాస్ పొట్టి మనిషి. తెల్ల టోపీ పెట్టుకుని కట్ట మీద అటూ ఇటూ తిరుగుతూ జనాన్ని వెనక్కి జరుపుతున్నాడు. మోహన్‌కృష్ణ ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

"గోడే తూము నోరంటావా?" ప్రభుదాస్ కళ్ళు చిన్నవి చేశాడు. "నీకెలా తెలుసోయ్?"

"ఊరోణ్ణి గదా సార్."

ప్రభుదాస్ జనం వైపు తిరిగి చేతులెత్తాడు.

"అందరూ వినండి! ఇప్పుడు తూము షట్టరు దించేసి ఉంది. కుర్రాడు ఆ నోటి దగ్గర రాళ్ళు తీస్తుండగా ఎవరైనా చక్రం తిప్పి షట్టరు ఎత్తారో, చెరువు నీళ్ళన్నీ కలిసి అతన్ని ఆ కంతలోకి లాగేస్తాయి. ఇంతమందిమి తాడు పట్టుకు లాగినా రాడు. అర్థమైందా? అతను పైకొచ్చి నేను చెప్పేదాకా చక్రం మీద చెయ్యి పడకూడదు. అక్కడ ఎవరుంటారు?"

"నేనుంటా సార్," అన్నాడు ఏబేలు.

"నేనూ ఉంటా," అన్నాడు నాగయ్య.

వంతెన మీద ఒక్క మనిషికే దారి. నాగయ్య తూము దిమ్మ మీదికి వెళ్ళి, చక్రం తిప్పే ఇనప పిడిని ఊడబీకి పంచె మొలలో దోపుకున్నాడు. గొర్రెల కర్ర అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

ఒడ్డున వినయ్ కుమార్ చెవుల్లో దూది పెట్టుకుని, గాలి గొట్టమూ తాడూ మాటల వైరూ కలిపి చుట్టిన లావాటి పగ్గం సర్దుతున్నాడు. "వెళ్ళి చూడు, నీకే తెలుస్తుంది. గోడే," అన్నాడు మోహన్‌కృష్ణతో. పాపం, అతనికి చెవిపోటు కంటే ఆ మాట ఎవరూ నమ్మలేదన్న బాధే ఎక్కువగా ఉన్నట్టుంది.

హెల్మెట్ పెట్టి బిగించారు. మోహన్‌కృష్ణ నీళ్ళలోకి దిగాడు. భుజాలు మునిగాయి, తల మునిగింది. పైన బుడగలు మిగిలాయి.

కట్ట మీద ఒక పెట్టె పెట్టి ఉంది. నీళ్ళ కింద ఉన్నవాడి మాట అందులోంచి పైకి వినపడుతుంది. ఇప్పుడు అందులోంచి ఊపిరి మాత్రమే వస్తోంది. పీల్చడం, వదలడం.

"అన్న గురకపెడుతుండాడమ్మా," అంది రమణి.

ఎల్లమ్మకు నవ్వు రాలేదు. పెట్టె పక్కనే చతికిలబడి దాని మీద చెయ్యి వేసింది. కొడుకు ఊపిరి ఆమె ఇంత దగ్గరగా విన్నది వాడు చంటిపిల్లాడుగా ఉన్నప్పుడే. ప్రతి ఊపిరికీ, దాని తరవాతి ఊపిరికీ మధ్య ఆమె తన ఊపిరి ఆపుతోంది.

"అడుగు తగిలింది సార్," అంది పెట్టె. "అంతా బురద. చెయ్యి గూడా కనపడ్డం లా."

"కంగారు లేదు. దిమ్మను పట్టుకుని తడుముకుంటూ వెళ్ళు," అన్నాడు ప్రభుదాస్ మైకులో.

"పోతుండా సార్."

మళ్ళీ ఊపిరి. రైతులు కూడా మాటలు ఆపేశారు. అంతమంది మనుషులు ఒక్క మనిషి ఊపిరి వింటూ నిలబడ్డారు. ఆ ఊపిరి ఒక్కసారి ఆగింది. ఎల్లమ్మ పెట్టెను రెండు చేతులా పట్టుకుంది.

"దొరికింది!" పెట్టె బద్దలయ్యేలా అరిచాడు మోహన్‌కృష్ణ. "నాయనా, దొరికింది! నీ గోడ దొరికింది!"

సంతోషం మనిషిని ఎంత పనైనా చేయిస్తుంది. ఎవరికీ చెప్పనని తండ్రికి ఇచ్చిన మాట, తన గొంతు కట్టంతా వినిపిస్తోందన్న సంగతి, రెండూ ఆ క్షణాన మూడు నిలువుల లోతున మోహన్‌కృష్ణకు గుర్తు లేవు.

ప్రభుదాస్ నుదురు కొట్టుకున్నాడు. "మోహన్, నీ మాట ఊరందరికీ వినిపిస్తోందోయ్."

పెట్టెలోంచి చిన్న గొంతుతో, "...సార్," అని వినపడింది.

రంగయ్య మెల్లగా తూము దిమ్మ వైపు తిరిగాడు.

"ఏం నాగయ్యా. నీ గోడ అంటాడేంది?"

నాగయ్య అబద్ధం ఆడదామా అనుకున్నాడు. ఆడటానికి ఏ అబద్ధమూ దొరకలేదు.

"నాదే రంగయ్యన్నా. కరువు సంవత్సరం గొర్రెపిల్లలు తూములోకి పోతుంటే అడ్డం పెట్టినా. తీద్దామనుకునేలోగా వాన పడింది. మర్చిపోయినా. నా తప్పే."

కట్ట మీద గోల లేచింది. "ఊరి నోట్లో మట్టి కొట్టినాడు!" అని ఒకడు. "ఇన్ని రోజులూ పక్కనే తిరగతా నోరు మెదపలేదు చూడు!" అని ఇంకొకడు. ఒకామె దుమ్మెత్తి పోసింది. ఎల్లమ్మ పెట్టెను వదల్లేదు, తల మాత్రం వంచుకుంది. ఆ గోల మధ్య పెట్టె తన పని తాను చేసుకుపోతోంది.

"ఒక రాయి ఊడింది సార్... పక్కకు తోసినా... ఇంకో వరస... గడ్డపార దిగడం లా, మా నాయన గట్టిగా పేర్చినాడు సార్..."

తిడుతున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేక దగ్గారు. అయినా కోపం తగ్గలేదు.

"నోరు తెరుచుకుంది సార్!" అంది పెట్టె. "చెయ్యి లోపలికి పోతుండాది!"

అంతే. జనం ఆ ఒక్క మాటే విన్నారు. తెరుచుకుందట, తెరుచుకుందట అని కట్ట ఆ చివరి దాకా పాకింది. "తిప్పండి! చక్రం తిప్పండి!" అని కేకలు. రంగయ్య వంతెన మీదికి అడుగేశాడు. ఆయన వెనకాల మరి కొంతమంది.

"ఆగండి! కుర్రాడు లోపలున్నాడు!" అని ప్రభుదాస్ అరిచిన అరుపు ఆ గోలలో కలిసిపోయింది.

"తొలుగు నాగయ్యా," అన్నాడు రంగయ్య. "పొట్టకొచ్చిన పైరు. ఒక పూట ఆలస్యమైనా తాలు గింజలే. నువ్వు చేసింది చాలు, పక్కకు తొలుగు."

"నా కొడుకు పైకి రాలా."

"వస్తాడులే. కొంచిమే ఎత్తుతాం."

"కొంచిం గూడా వద్దన్నా. సార్ చెప్పింది నువ్వూ విన్నావు."

"నీ గోడ వల్ల ఊరు ఎండింది. నువ్వు నాకు చెప్తావా?"

నాగయ్య జీవితంలో రంగయ్య ముందు గొంతెత్తినవాడు కాదు. ఆయన చేలో మంద కట్టి, ఈ చెరువుగట్టున మేపుకుని బతికినవాడు. కర్ర కింద పెట్టేశాడు. రంగయ్యకు ఎదురుగా, ఛాతీ తగిలేంత దగ్గరగా వచ్చాడు.

"నన్ను కొట్టన్నా. పడతా. నీళ్ళల్లోకి తొయ్యి, పోతా. కానీ పిడి నా మొలలో ఉండాది. నాకు ఈత రాదు. నాతో పాటు అది గూడా అడుక్కు పోతాది. అప్పుడు దాన్ని తియ్యాలన్నా మళ్ళా నా కొడుకే దిగాల."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "అది నిజమేనబ్బా" అన్నారు. ఏబేలు మొహం తిప్పుకుని భుజాలు ఊపేస్తున్నాడు. కోపంతో వచ్చిన మనుషులకు నవ్వొస్తే ముందుకు నడవడం కష్టం. వంతెన మీద జనం అక్కడే ఆగిపోయారు.

ఆ ఆగిన కాస్త సమయమే కావలసింది.

"చాలు, వెనక్కి వచ్చెయ్!" అంటున్నాడు ప్రభుదాస్.

"ఒక్క రాయి ఉండాది సార్. కింద వరస. ఇది వదిలేస్తే మళ్ళా షట్టరుకు అడ్డం పడతాది... వచ్చింది. వచ్చింది సార్! మొత్తం క్లియర్!"

వినయ్ కుమార్ పగ్గం లాగాడు. బుడగలు దగ్గరికొచ్చాయి. పసుపుపచ్చ హెల్మెట్ నీళ్ళ మీదికి తేలింది. హెల్మెట్ తీయగానే ఎల్లమ్మ కొడుకు తలను కొంగుతో తుడుస్తూ, "పొద్దున్నించి అన్నం తిన్లేదురా నువ్వు, పొద్దున్నించి తిన్లేదు," అని అదే మాట అంటూ ఏడ్చింది.

మోహన్‌కృష్ణ సూటు తడితోనే వంతెన మీదికి నడిచాడు. జనం వెనక్కి తగ్గారు, రంగయ్య పక్కకు ఒరిగి దారిచ్చాడు. తండ్రి ఎదురుగా నిలబడి తల దించుకున్నాడు.

"నోరు జారినా నాయనా."

నాగయ్య మొలలోంచి పిడి తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"తిప్పు. నువ్వే తిప్పు."

ఏబేలూ మోహన్‌కృష్ణా కలిసి తిప్పారు. షట్టరు కిర్రుమంది. మొదట ఏమీ కాలేదు. కట్ట కింద కాలువలో గొర్రెపిల్ల దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది. నల్లటి బురద కక్కింది. ఆ తరవాత ఒక్కసారిగా నీళ్ళు, ఎర్రటి చిక్కటి నీళ్ళు, కాలువ రెండు ఒడ్డులూ ఒరుసుకుంటూ పరుగెత్తాయి.

కట్ట మీద జనం ఆ నీళ్ళతో పాటే పరుగెత్తారు. దుమ్మెత్తి పోసిన ఆమే కాలువలో దిగి దోసిళ్ళతో నీళ్ళు నెత్తిన పోసుకుంది. ఎవరో ఈల వేశారు. ఇద్దరు కుర్రాళ్ళు మోహన్‌కృష్ణను భుజాల మీదికి ఎత్తబోతే తడి సూటు జారి ముగ్గురూ కట్ట మీద బోర్లాపడ్డారు. రమణి గట్టు మీద గంతులేస్తూ, "మా అన్న! మా అన్న!" అని తెలిసినవాళ్ళకే మళ్ళీ మళ్ళీ చెప్పింది. మోహన్‌కృష్ణ లేచి చెరువును చూశాడు, కాలువను చూశాడు. ఒళ్ళు పులకరించింది. ఇంక ఎవడైనా ఎక్స్‌పీరియన్స్ అడగనీ, చెప్పడానికి తన దగ్గర ఒక చెరువుంది.

వినయ్ కుమార్ చెవిలో దూది తీసి అన్నాడు. "గోడేనని నేను చెప్పాను కదా సార్."

ప్రభుదాస్ అతని మాట పట్టించుకోలేదు. మోహన్‌కృష్ణ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "కళ్ళు కనపడని చోట కంగారుపడలేదు. చివరి రాయి వదల్లేదు. అంతకంటే నాకేం కావాలోయ్? రేపు పొద్దున్నే ఆరింటికి జీపు. ఎల్లుండి కాకినాడలో ఓడ ఎక్కేస్తాం. బట్టలు సర్దుకో."

మోహన్‌కృష్ణ నోరు తెరిచేలోగా రంగయ్య వచ్చాడు. కాలువలో దిగి వచ్చినట్టున్నాడు, పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి. మొహంలో సంతోషం ఉంది, దాన్ని దాచుకోవాలన్న పట్టుదలా ఉంది.

"నీళ్ళొచ్చినాయి. నీ కొడుకు గొప్పోడే నాగయ్యా, కాదనను. అయితే చెరువు మూసినోడి మంద ఇంక ఈ చెరువులో దిగాల్నా వద్దా అనేది తేలాల. ఇప్పుడు తేల్చకుంటే రేపు ఇంకొకడు ఇంకో గోడ కడతాడు. పొద్దున ఆరింటికి సంఘం కూచుంటాది. తండ్రీకొడుకులు ఇద్దరూ రావాల."

"ఆరింటికా పెదనాయనా?" అన్నాడు మోహన్‌కృష్ణ.

"ఆరింటికే. తరవాత అందరికీ చేలో పనుంటాది, నీళ్ళొచ్చినాయి గదా."

మోహన్‌కృష్ణ ప్రభుదాస్ వైపు తిరిగాడు. "సార్, ఒక్క రోజు ఆగి నేను బస్సులో..."

"ఓడ ఆగదోయ్," అన్నాడు ప్రభుదాస్ నెమ్మదిగా. "నువ్వు రాకపోతే ఇంకొకణ్ణి వెతుక్కోవాలి. నా చేతిలో లేదు."

కింద కాలువ మోగుతోంది. తండ్రిని ఆ సంఘం ముందు ఒంటరిగా వదిలి జీపెక్కడమా, ఎన్ని ఫోన్లు చేసినా దొరకని ఓడను వదులుకోవడమా? మోహన్‌కృష్ణ మొహంలో సంతోషం ఇంకా ఆరకముందే ఆ రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

"వస్తాడు సార్," అన్నాడు నాగయ్య. "ఆరింటికి జీపు కాడ ఉంటాడు."

"నేను ఇద్దర్నీ రమ్మన్నా," అన్నాడు రంగయ్య.

"గోడ కట్టింది నేను. తీసింది వాడు. తీసినోడితో నీకేం పని రంగయ్యన్నా?"

రంగయ్య చేతిలో చెప్పులు కింద వేసి, కాళ్ళకు తొడుక్కోవడం మర్చిపోయి నిలబడ్డాడు.

"రాళ్ళు మోసింది నేను," అంది ఎల్లమ్మ. "ఇద్దరు కావాలంటే నేనొస్తా."

నాగయ్య భార్య వైపు చూశాడు. పొద్దున్నించి మొదటిసారి అతని మొహం తేటపడింది. ఇంటికి పోయి మందను వదలాలి, ఆకలికి నకనకలాడుతున్నాయి అని గొణుక్కుంటూ కర్ర అందుకున్నాడు. ఎల్లమ్మా రమణీ అతని వెనక నడిచారు.

ప్రభుదాస్ జీపులో గొట్టం సర్దిస్తున్నాడు. రంగయ్య కట్ట మీదే ఉన్నాడు. ఇద్దరూ మధ్యమధ్య ఇటే చూస్తున్నారు. మడమ దగ్గర మేకపోతు చించిన సూటుతో, చేతిలో తూము పిడితో, మోహన్‌కృష్ణ ఇంకా ఎవరికీ జవాబు చెప్పలేదు.